పక్కనున్న మంచి పన్ను

మా అన్నయ్యని బజారంతా సర్దుబాటు మేస్త్రి అంటారు. ఇద్దరు కొట్లాడుకుంటుంటే మధ్యలోకి వెళ్ళి, ఇద్దరి భుజాల మీదా చేతులేసి, సరేలేవయ్యా సర్దుకుందాం అంటాడని ఆ పేరు. పేరు పెట్టినవాళ్ళెవరూ వాడితో ఒక ఇంట్లో పెరగలేదు. నేను పెరిగాను. యాభై ఎనిమిదేళ్ళ బతుకులో వాడు సర్దుకున్నది ఒక్కటి చూపిస్తే ఈ కుర్చీలోంచి లేచి, నోరు ఇలాగే తెరుచుకుని, ఇంటికి నడిచి వెళ్ళిపోతాను. సర్దుకున్నది మా నాన్న, మా అమ్మ, నేను, చివరికి నా పళ్ళు. ఆ పళ్ళే ఇప్పుడు నా కళ్ళెదుట స్టీలు పళ్ళెంలో, దూది ఉండల పక్కన, బోర్లా పడి ఉన్నాయి. నాలుగు పళ్ళు కలిపి పోసిన ఒకే ముక్క. వెనక లోహం, ముందు పింగాణి, ఆ పింగాణి సగం పెచ్చులూడిపోయి లోపలి బూడిద రంగు కనబడుతోంది. బ్రిడ్జి అంటారు దీన్ని. పద్దెనిమిదేళ్ళు నా నోట్లో ఉన్నదాన్ని బయట పెట్టి చూడటం ఇదే మొదలు, ఇంత చిన్నదా అనిపించింది. డాక్టరమ్మ చిగురుకి సూదేసి, కొక్కెం లాంటిది తగిలించి, టక్ టక్‌మని కొట్టి ఊడదీసింది. పాత సోఫా మేకులు నేను ఊడదీసేదీ అలాగే, ఒక్క దెబ్బకి లాగకూడదు, చెక్క చీలుతుంది. పనితనం తెలిసిన పిల్లే. ఊడదీసి, లైటు దగ్గరికి లాగి, లోపలంతా చూసి చెప్పింది. "రెండు దార్లున్నాయి మేస్త్రిగారూ. ఒకటి, పెచ్చులూడిన చోట మసాలా అద్ది, పాతదాన్నే మళ్ళీ సిమెంటు పెట్టి అతికిస్తా. ఏడాది రావచ్చు, మూడేళ్ళు రావచ్చు, నేను హామీ ఇవ్వను. రెండు, కొత్తది. అయితే మీ కోరపన్ను కాస్త నీరసించింది, బరువంతా దాని మీద వెయ్యలేం. దాని వెనకున్న పన్నుని కూడా అరగదీసి కలుపుకోవాలి. దానికేం జబ్బు లేదు, బంగారంలాంటి పన్ను, కానీ తప్పదు. అలా చేస్తే పదిహేనేళ్ళకి ఢోకా ఉండదు." నేను ఏదో అనబోయాను, మూతి మొద్దుబారి గాలే వచ్చింది. ఆమె నవ్వి, మాట్లాడకండి, ఒక వేలంటే పాతది, రెండు వేళ్ళంటే కొత్తది, పక్క గదిలో ఒకరికి పన్ను తీసొస్తా, ఈలోపు ఆలోచించుకోండి అని వెళ్ళిపోయింది. వెళ్ళేటప్పుడు లైటు ఆర్పలేదు.

ఆలోచించుకోండి. ఆ మాట నాతో అనేవాళ్ళందరూ అప్పటికే తాము ఆలోచించేసుకుని ఉంటారు. మా నాన్న కూడా బడి మాన్పించేటప్పుడు ఆలోచించుకోరా అన్నాడు, నేను ఎనిమిదో తరగతిలో ఉన్నాను, మర్నాటికే నాకని ఒక సుత్తి కొనుక్కొచ్చాడు. చిన్నది, ఒక వైపు అయస్కాంతం. సోఫా పనికి ఆ సుత్తే వేరు. పాతిక మేకులు నోట్లో పోసుకోవాలి, నాలుకతో ఒక్కొక్కటీ తిప్పి తల బయటికి వచ్చేట్టు ముందు పళ్ళ మధ్యకి తెచ్చుకోవాలి, సుత్తి మూతి దగ్గరికి వస్తే అయస్కాంతానికి మేకు అంటుకుంటుంది, పట్టీ మీద ఒక తట్టు, ఒక దెబ్బ, మళ్ళీ మూతి దగ్గరికి. చెయ్యి ఖాళీ ఉండదు కాబట్టి నోరే మేకుల డబ్బా. మేకులు నోట్లో ఉండగా ఎవడు పిలిచినా పలక్కూడదు, నవ్వకూడదు, దగ్గొస్తే ముందు దోసిట్లోకి ఉమ్మాలి. మా నాన్న నేర్పిన చదువంతా ఇదే. అన్నయ్యకి అది పట్టుబడలేదు, వాడికి నోరు మూసుకుని పని చెయ్యటం చేతకాదు. అందుకని వాడు మాట్లాడేవాడు, నేను కొట్టేవాణ్ణి. వాడు గుమ్మంలో, నేను నేల మీద. జనం వాడికి దణ్ణం పెట్టి నన్ను మేకుల మూతి అనేవాళ్ళు. ఇప్పుడు అన్ని చోట్లా గన్ను వచ్చింది, నొక్కితే పిన్ను దిగుతుంది, నా దగ్గరా ఉంది, అయినా పాత కుర్చీ చెక్కకి గన్ను పడదు, పిట్లిపోతుంది, దానికి మేకే కావాలి, మేకులకి నోరే కావాలి.

నాలుక ఊరుకోదు. బ్రిడ్జి తీసిన చోటికి పోయి తడుముతోంది, మొద్దుబారినా దానికి దారి తెలుసు. మధ్యలో రెండు పళ్ళంత ఖాళీ, రెండు పక్కలా రెండు మొండి మేకులు. అవి మేకులు కావు, నా సొంత పళ్ళు, ఒకటి కుడి పక్క ముందు పన్ను, ఒకటి ఎడమ పక్క కోరపన్ను. పోయినవి రెండే. పోగొట్టినది సర్దుబాటు. స్ప్రింగుల సోఫా అది, పెద్ద స్ప్రింగులు, వాడు రెండు చేతులతో స్ప్రింగు అణిచి పట్టుకోవాలి, నేను మొహం దగ్గర పెట్టి తాడు బిగించి కట్టాలి. గుమ్మంలో ఇద్దరు ఖాతాదార్లు ఏదో మాటా మాటా అనుకున్నారు. అంతే, వాడి చేతులు లేచాయి, వాళ్ళ భుజాల మీద వెయ్యాలి కదా. స్ప్రింగు లేచి నా మూతికి తగిలింది. పై పెదవి చీలింది, రెండు పళ్ళు సోఫాలో పడ్డాయి, ఒకటి దొరికింది, రెండోది ఆ పీచులోనే ఉండిపోయి ఎవరింటికో వెళ్ళిపోయింది. వాడు నిజంగానే ఏడ్చాడు, అది మాత్రం అబద్ధం చెప్పను, నా తల ఒళ్ళో పెట్టుకుని రోడ్డు మీద ఆటో కోసం అరిచాడు. రెండు నెలలకి పళ్ళు కట్టించటానికి వాడే తీసుకెళ్ళాడు. పోయిన రెండింటిని నిలబెట్టాలంటే ఉన్న రెండింటిని అరగదీయాలని అప్పటి డాక్టరు చెప్పినప్పుడు నాకు అర్థం కాలేదు. అరగదీశాక అద్దం చేతికిచ్చారు. కుర్చీ కాళ్ళు రంపంతో కోస్తే మిగిలే మొదళ్ళున్నట్టున్నాయి. ఏ తప్పూ చెయ్యని పళ్ళు. ఆ అద్దంలోకి చూస్తూ ఎంతసేపున్నానో గాని, అన్నయ్య వచ్చి భుజం తట్టి, అద్దం తీసేసుకున్నాడు.

అప్పుడే కాగితాలు తీశాడు. బయట బల్ల మీద నా పక్కన కూర్చుని, మోకాళ్ళ మీద అట్ట పెట్టి, ఆరు కాగితాలు. "లోను కాగితాలురా. నీ పళ్ళ ఖర్చు, షాపులోకి సరుకు, రెండూ కలిపి తీస్తున్నా. షాపు ఇద్దరి పేరు మీదుంటే బ్యాంకువాడు ఒప్పుకోడట, ఒకళ్ళ పేరు మీదకి మార్చమంటున్నాడు. లోను తీరగానే నీ వైపు నీకు రాసిచ్చేస్తా." షాపు నాన్నది, రోడ్డు వైపు రెండు షట్టర్లు, ఒక్కోటి పదకొండడుగుల వెడల్పు, పోతూ చెరొకటి అని నలుగురి ముందూ చెప్పి రాసి పోయాడు. నాకు చదవటం రాదని కాదు. కూడబలుక్కుంటే వస్తుంది. కానీ మూతి ఇలాగే, ఇప్పటిలాగే, ఎవరిదో అద్దెకి తెచ్చుకున్నట్టుంది, చొంగ కారుతోంది. ఎప్పుడు తీరుతుంది అని అడగబోయాను. ఎఫ్ఫుఉ అని వచ్చింది. వాడు తన జేబురుమాలు తీసి నా గడ్డం తుడిచాడు. తుడిచి పెన్ను ఇచ్చాడు. ఆరు చోట్ల సంతకం పెట్టాను. తర్వాత లోపలికెళ్ళి బ్రిడ్జికి డబ్బు కట్టి వచ్చి, చౌకరకమే పెట్టించమన్నానురా, ఉన్నదాంట్లో సర్దుకో అన్నాడు. లోను తీరింది. తీరిందని బ్యాంకు గుమస్తా చెబితే తెలిసింది, వాడు చెప్పలేదు. అడిగితే చూద్దాంలే అన్నాడు. ఇంకోసారి అడిగితే, నీకిప్పుడేం తక్కువైందిరా, పని నువ్వే చేస్తున్నావుగా అన్నాడు. మూడోసారి వదిన కాఫీ గ్లాసు నా చేతికివ్వకుండా బల్ల మీద పెట్టింది. నాలుగోసారి నేను అడగలేదు, నా సుత్తి, కత్తెర తీసుకుని ఒక మూడంతస్తుల ఇంటి మెట్ల కింద గది అద్దెకి పట్టాను. సోఫా లోపలికి పట్టదు, సగం బయటుంటుంది, వానొస్తే టార్పాలిన్ కప్పి నేను తడుస్తాను. అప్పట్నుంచీ అన్నం నమిలినప్పుడల్లా ఈ చౌకరకం ముక్క నాకు గుర్తుచేస్తూనే ఉంది, ఇదిరా నీకిచ్చింది అని.

అందుకే ఇందాక సూదెయ్యక ముందే చెప్పాను, కాగితం మీద సంతకం కావాలంటే మూతి బాగున్నప్పుడే తెమ్మని. కౌంటరు దగ్గరి అమ్మాయి ఫారం ఇచ్చి కింద గీత చూపించింది. చదివి వినిపించమ్మా అన్నాను. "అంతా మామూలేనండీ, అందరూ పెడతారు." మామూలేమిటో అదే చదువు. వెనక లైన్లో ఒకాయన నిట్టూర్చాడు. ఆమె మొదటి పేజీ చదివింది, రెండో పేజీ గబగబా చదవబోతే మళ్ళీ చదవమన్నాను. "ఇల్లు రాసిమ్మనట్లేదు బాబాయ్, పన్నే" అంది. అవునమ్మా, అప్పుడూ పన్నే అన్నారు.

లైటు కళ్ళల్లో పడుతోంది. కుర్చీ మంచిదే, వెనక్కి వాల్చినా నడుం పట్టెయ్యట్లేదు, కుట్టు మాత్రం సరిగా లేదు, మూల దగ్గర రెండు పోగులు లేచి ఉన్నాయి, నేనైతే అక్కడ అంచు మడతపెట్టి కుట్టేవాణ్ణి. గదిలో ఉన్న సిస్టరు గమనించినట్టుంది. నా వయసుదే ఉంటుంది, ఉతికిన కత్తెర్లు వరసగా పేరుస్తోంది. "అన్నయ్యగారూ, మీరు సోఫాల పనట కదా, ఫారంలో చూశాను." ఎవరైనా అన్నయ్య అంటే నాకు గిట్టదు, అయినా తలూపాను. "మా ఇంట్లో మూడు సీట్ల సోఫా ఉంది. మధ్యలో కూర్చుంటే లేవటానికి ఇద్దరు పట్టుకోవాలి. మా ఆయన పారేసి కొత్తది తెద్దామంటాడు. సోఫా కంటే ముందు నిన్ను కట్టుకున్నా, నిన్ను పారేశానా అన్నాను నేను. మీరు చెప్పండి, మార్చాలా, బాగుచేయించాలా?" నోరు లేని మనిషిని అడగాల్సిన ప్రశ్నేనా ఇది. ముప్పై ఎనిమిదేళ్ళుగా రోజుకి ఒక్కరైనా నన్ను అడిగే మాట ఇదే. ముందు చెక్క చూడాలి. గుడ్డా స్పాంజీ పట్టీలూ ఏమైపోనీ, లోపల చట్రం గట్టిగా ఉంటే అది పారెయ్యాల్సిన సోఫా కాదు, ఇప్పుడొచ్చే కొత్తవాటిలో ఉండేది మామిడిపళ్ళ పెట్టెల చెక్క, నాలుగేళ్ళకి నమిలినట్టయిపోతుంది. ఇదంతా చేతులతో ఎలా చెప్పటం? కుర్చీ చెయ్యి మీద వేలితో తట్టాను, చెవి దగ్గర పెట్టి విన్నట్టు చేశాను, పిడికిలి బిగించి చూపించాను, గట్టిగా ఉంటే అని, తర్వాత ఒక వేలు ఎత్తాను, పాతదే అని. "అయితే పాతదే అతికించమంటారా? డాక్టరమ్మకి చెప్పేదా?" రెండు చేతులూ అడ్డంగా ఊపాను. ఆమె పకపకా నవ్వింది. "మా సోఫా సంగతా! మీ పళ్ళ సంగతి ఇంకా తేలలేదా?" తేలలేదు. ఊరందరి కుర్చీలకీ చటుక్కున చెప్పేస్తాను. పళ్ళెంలో ఉన్నదాని చట్రం ఎలాంటిదో నాకు తెలుసు కదా, చౌకరకం, అది పారెయ్యాల్సిందే, ఇందులో ఆలోచించేదేముంది, రెండు వేళ్ళు. ఖర్చంటారా, మా ఇంటావిడ ఆ మాట కూడా తీర్చేసింది. మెట్ల కింద గది ఓనరు మూడు సోఫాల పని ఇచ్చాడుగా, అవి చేసి పళ్ళు తెచ్చుకోండి, ఆ పాత పళ్ళు చూస్తే నాకు మీ అన్నయ్య మొహమే కనబడుతోంది, మీరు నవ్వినా సగం ఆయనే నవ్వినట్టుంటుంది అంది.

మొన్న వాడు వచ్చాడు. తొమ్మిదేళ్ళ తర్వాత. ఒక ముసలావిడ పాత కుర్చీ ఇచ్చిపోతే దానికి మేకులు కొడుతున్నాను, నోట్లో ఇరవై దాకా ఉన్నాయి, మెట్ల కిందకి నీడ పడింది, చెప్పులు చూసే పోల్చాను. కుడికాలు చెప్పు బయటివైపు అరిగి ఉంటుంది, మా నాన్నదీ అంతే. "ఏరా, బాగున్నావా?" నేను పలకలేదు. మేకులున్నాయిగా, పలక్కూడదు. ఆ మాట వాడికీ తెలుసు. టక్, టక్. వాడు తిరగేసిన బక్కెట్టు మీద కూర్చున్నాడు, మోకాళ్ళు పట్టుకుని మెల్లగా. "వయసైపోయిందిరా. నువ్వెళ్ళాక పనివాళ్ళెవరూ నిలబడలేదు. నీలాంటి చెయ్యి దొరకదు." టక్. ఇదిగో, ఇప్పుడు అంటాడు, వచ్చెయ్యి, నీ వైపు నీకు రాసిస్తానంటాడు, అనుకున్నాను. అనుకున్నాను, దాచుకోవటమెందుకు. పద్దెనిమిదేళ్ళు తిట్టుకున్నవాణ్ణి, ఆ ఒక్క క్షణంలో షట్టరు ఎత్తినప్పుడు వచ్చే చప్పుడు కూడా విన్నాను, నాన్న కూర్చునే స్టూలు కూడా కనబడింది. "బయట వాళ్ళు వీళ్ళు చెప్పి తెలియటం బాగోదని వచ్చాను. షాపు అమ్మేశానురా. రెండు వైపులా కలిపే. మందుల షాపు వాళ్ళు. నీకూ ఏదో ఒకటి సర్దుతాలే." నోట్లో ఏదో పటుక్కుమంది. నొప్పి కాదు, చప్పుడు, పుర్రె లోపల. దవడ ఎప్పుడు బిగిసిందో నాకు తెలియదు, మేకు పళ్ళ మధ్యనే ఉంది. రక్తం ఉప్పగా తగిలింది. వాడికి కనబడకూడదని కుర్చీ వైపు ఇంకా వంగాను, మిగిలిన మేకులన్నీ కొట్టాను, ఒక్కటి కూడా వంకర పోలేదు. వాడు కాసేపు కూర్చుని, ఏమైనా అనరా అన్నాడు, తిట్టనైనా తిట్టరా అన్నాడు, తర్వాత లేచి వెళ్ళిపోయాడు. చెప్పుల చప్పుడు పోయాక దోసిట్లోకి ఉమ్మాను. మూడు మేకులు, తెల్లటి పెచ్చులు. ఇంటికెళితే మా ఇంటావిడ చూసి, మీ కోపం మేకుల మీద చూపించే బదులు ఆ మనిషి మీద చూపించి ఉంటే పళ్ళైనా దక్కేవి కదండీ అంది. తర్వాత, మేకులన్నీ లెక్క సరిపోయాయా, ఒక్కటైనా మింగారా అని రాత్రంతా కడుపు నొక్కి చూసింది.

డాక్టరమ్మ వచ్చింది. తొడుగులు మార్చుకుంది, పళ్ళెంలోది కొక్కెంతో లేపి లైటు కింద తిప్పింది, భూతద్దం కళ్ళకి దించుకుంది. నేను రెండు వేళ్ళు సిద్ధం చేసుకున్నాను. ఆమె చూడలేదు. "ఇది ఎవరు చేయించారండీ? లోపలి లోహం చూడండి, పద్దెనిమిదేళ్ళకి కూడా రవ్వంత నల్లబడలేదు. బంగారం కలిపి పోసే రకం ఇది, పైకి బూడిద రంగే కనబడుతుంది, ఆ రోజుల్లో బాగా ఉన్నవాళ్ళు పెట్టించుకునేవాళ్ళు. ఎవరో గాని పిసినారితనం చెయ్యలేదు. మీరు గట్టిగా కొరక్కపోయుంటే ఇంకా చాలా ఏళ్ళు ఉండేది." నా వేళ్ళు ఒళ్ళో అలాగే ఉండిపోయాయి. చౌకరకం అన్నాడే. నా చెవులతో విన్నాను. సర్దుకో అన్నాడు. అన్నిటికన్నా ఖరీదైంది పెట్టించి, అన్నిటికన్నా చౌకది అని ఎందుకు చెప్పాడు? సిగ్గు వల్లనా, కాగితాలు అప్పటికే జేబులో ఉన్నందువల్లనా, లేకపోతే మంచి పని కూడా దొంగతనంగానే చెయ్యటం వాడికి అలవాటా? మంచి చేసినప్పుడు సైతం నిజం చెప్పలేని మనిషిని ఏమనాలి? పద్దెనిమిదేళ్ళు నేను నమిలిన కోపంలో ఇంత బంగారం కలిసి ఉందంటే, ఇప్పుడు దాన్ని ఏ వైపు నుంచి తిట్టుకోవాలో కూడా తెలియలేదు. అలిసిపోయాను. ఒక్కసారిగా ఒళ్ళంతా అలిసిపోయింది, కుర్చీ నన్ను పట్టుకుంటే ఉన్నాను. వాడి బంగారం నా నోట్లో వద్దు, తీసి చెత్తబుట్టలో వెయ్యమందామా, కొత్తది పెట్టమందామా, అప్పుడు వాడితో ఇక ఏమీ ఉండదు. నాలుక మళ్ళీ బయల్దేరింది, మొండి కోరపన్ను దాటి దాని వెనకున్నదాని దగ్గర ఆగింది. నున్నగా, నిండుగా, ఏ మచ్చా లేకుండా ఉంది. డాక్టరమ్మ చెప్పిన బంగారంలాంటి పన్ను. దానికి నాకూ అన్నయ్యకీ మధ్య ఉన్న గొడవ తెలియదు. అది మేకు కొరకలేదు, సంతకం పెట్టలేదు. ఖాళీకి దగ్గరగా మొలవటం ఒక్కటే అది చేసిన నేరం. నా కసి తీరటానికి దాన్ని కుర్చీ కాలు మొదలులా చెక్కించి, చివరికి దాని భుజం తట్టి, ఉన్నదాంట్లో సర్దుకో అని నేనే చెప్పాలి. ఆ మాట మా ఇంట్లో ఒకడు అన్నాడు, చాలు.

ఒక వేలు ఎత్తాను.

"ఖాయమేనా? ఏడాదికే మళ్ళీ రావాల్సి రావచ్చు. ఇక మేకులు నోట్లో పెట్టుకునే పనే లేదు మరి." వేలు దించలేదు. ఆమె సరేనని మసాలా కలిపింది, అద్దింది, నీలం లైటు పెట్టింది, అరగదీసింది, సిమెంటు పూసి అదిమి పట్టింది, సిస్టరు నా తల వెనక్కి పట్టుకుంది. కొలత తప్పకుండా పాత చోట్లోకే కూర్చుంది అది. దూది కొరికి పట్టుకుని కాసేపున్నాను. పుక్కిలించమన్నారు, పుక్కిలించాను, గులాబి రంగు నీళ్ళు తిరుగుతూ కిందకి పోయాయి. పెదవి కొసన కొంచెం స్పర్శ తెలుస్తోంది. డాక్టరమ్మ చేతులు కడుక్కుంటూ, ఊరికే, మాటల్లో అడిగింది. "ఇంతకీ అప్పట్లో దీనికి మీకు ఎంతయింది మేస్త్రిగారూ?"

నోరు ఇంకా నాది కాలేదు. అందుకని నిదానంగా, ఒక్కొక్క మాటా తడబడకుండా, టేపు పట్టి కొలిచి చెప్పినట్టు చెప్పాను. "పదకొండడుగుల వెడల్పు, ఇరవై ఆరడుగుల లోతు. రెండు వందల ఎనభై ఆరు చదరపు అడుగులు తల్లీ, రోడ్డు వైపు."